మామిడిపిందెల బొంత

మా ఆయనకు యూనివర్సిటీలో ఉద్యోగం దొరికాక కర్నూలు నుంచి వచ్చి క్యాంపస్ క్వార్టర్సులో కాపురం పెట్టాం. నేను ఇంట్లోనే చెక్క అచ్చులతో బట్టలకు రంగులద్దేదాన్ని, అతుకుల బొంతలు కుట్టేదాన్ని.

ఒకరోజు తార్నాక నుంచి ఒకామె, చనిపోయిన తన తల్లి చీర తెచ్చి బొంత కుట్టమంది. తెల్లటి నూలు చీర, దాని మీద ఎర్రటి మామిడిపిందెలు. తీరా నేను కత్తెర తీస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఖరాబైతదేమో అక్కా! అమ్మది గిదొక్కటే ఉన్నది.”

“పెట్టెలో పెడితే పురుగు కొడ్తుంది. నా చేతికియ్యి, నేను చూసుకుంటా” అన్నాను.

చిరుగులు తీసేస్తే మిగిలిన ముక్కలు సగం బొంతకే వచ్చాయి. అదే మామిడిపిందెను చెక్క మీద చెక్కి, ఆ వెలిసిన ఎరుపే వచ్చేదాకా రంగు కలిపి, వేరే తెల్లబట్ట మీద అద్దాను. ఆరాక రెండూ కలిపి బొంత కుట్టి చూస్తే ఏది పాతదో నాకే తెలియలేదు.

ఆమె వచ్చినప్పుడు, “ఇందులో సగం నేను అద్దినవే. మీ అమ్మ ముక్కలేవో చెప్పు చూద్దాం” అన్నాను ధీమాగా.

ఆమె కళ్లు మూసుకుని అరచేత్తో బొంతంతా తడిమింది. ఒకచోట ఆగి, “గిది మా అమ్మది” అన్నది. తర్వాత ఇంకొకటి, మరొకటి. ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఎన్నో ఉతుకుల మెత్తదనం అద్దితే వచ్చేది కాదని ఒప్పుకున్నాను. ఆమె నవ్వి, బొంత ఒళ్లో పెట్టుకుని, నేనిచ్చిన టీ నింపాదిగా తాగింది.