పిన్ని రాసిన ఒక్క షరతు

మా ఇంట్లో ఎవరైనా గ్యాస్ కట్టేశామంటే పిన్ని నమ్మదు. “కట్టావా అని అడగలేదు. చూసి చెప్పు అన్నాను” అంటుంది. అందుకే బాబాయి ఆమెకు ‘చూసిచెప్పు’ అని పేరు పెట్టాడు. అది ఎలా పాకిందో గానీ, ఆమె పనిచేసే ఆసుపత్రి నెట్‌వర్కు గదిలోనూ అదే పేరు.

ఆ ఆసుపత్రిలో పిన్ని పదమూడేళ్లు నిచ్చెనెక్కి, దుమ్ము మింగుతూ కేబుళ్లు లాగింది. నలభై ఒకటో ఏట తెల్లవారుజామునే లేచి, వంటింటి బల్ల మీద స్క్రిప్టులు రాయడం నేర్చుకుంది. స్క్రిప్టంటే ఆసుపత్రి కంప్యూటర్లకు దారి చూపే ఇరవై రెండు రౌటర్లనూ కూర్చున్నచోటి నుంచే వరసగా పలకరించి, పని చెప్పి, జవాబు తెచ్చే చిన్న ప్రోగ్రాము. చివరికి ఆమెను నిచ్చెన దించి కుర్చీలో కూర్చోబెట్టారు. అదీ మూడు నెలలు చూద్దామని.

మూడో నెల చివర్లో రక్తపరీక్షల సర్వరును కొత్త భవనంలోకి మార్చారు. దానికి వెళ్లే కొత్త దారిని రౌటర్లలో ఒక్కో వరసగా ఇద్దరు సహోద్యోగులు చేత్తో రాశారు; ఒకదాంట్లో మాత్రం మేనేజరే రాశాడు. ఆ వరస ఉందో లేదో పిన్ని స్క్రిప్టు చూడాలి. ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఇరవై రెండూ పచ్చగా వచ్చాయి.

పిన్నికి మనసొప్పలేదు. రౌటరుకు నోటి మాట వేరు, రాతకోతలు వేరు. ఇప్పుడు చెప్పింది ఇప్పుడు చేస్తుంది. సేవ్ చేయకపోతే, కరెంటు పోయి వచ్చాక అంతా మరిచిపోతుంది. అందుకని ఇంకో షరతు చేర్చింది: ఆ వరస సేవ్ చేసిన దాంట్లోనూ ఉంటేనే పచ్చ. ఈసారి పద్నాలుగు ఎర్రబడ్డాయి.

“నిన్న అన్నీ పచ్చగానే ఉన్నాయి కదమ్మా!” అన్నాడు మేనేజరు.

“నిన్న సగమే అడిగాను సార్.”

“ఇది స్క్రిప్టు కాదు సార్, అత్తగారు” అన్నాడు వరసలు రాసిన ఇద్దరిలో ఒకడు. “ఉప్పు వేశామన్నా రుచి చూడందే ఒప్పుకోదు.”

“రుచి చూడకుండా వండితే నువ్వు తింటావా నాయనా?”

మేనేజరు నవ్వలేదు. “ఆదివారం పదింటికి రౌటర్లకు కరెంటిచ్చే బ్యాటరీలు మారుస్తారు. పావుగంట మన రౌటర్లన్నీ ఆరిపోతాయి. ఆలోపు నాకు పచ్చ రిపోర్టు కావాలి. ఆ షరతు తీసేస్తావో, మళ్లీ నిచ్చెనెక్కుతావో నీ ఇష్టం.”

ఆదివారం పొద్దున పిన్ని కళ్లజోడు ఇంట్లోనే మరిచిపోయింది. బయల్దేరేటప్పుడు నేనడిగితే సంచిలోనే ఉందంది. చూసి మాత్రం చెప్పలేదు. అది ఇద్దామని వెళ్లి, అక్కడే ఓ మూల కూర్చుండిపోయాను.

పిన్ని షరతు తీయలేదు. ఎర్రగా ఉన్నవాటిని ఒక్కొక్కటే సేవ్ చేయించి, మళ్లీ చదివించింది. తొమ్మిదిన్నరకు ఇరవై ఒకటి పచ్చ. మిగిలింది మేనేజరు గది ఉన్న అంతస్తుది. స్క్రిప్టు దాన్ని చదవగలదే గానీ మార్చలేదు. దాని పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉంది.

“అది నేనే చేశాను. సేవ్ కూడా చేశాను. పచ్చ అని రాసెయ్” అన్నాడాయన.

“చూసి చెప్పండి సార్.”

“నాకే చెబుతున్నావా?” అని విసురుగా వెళ్లిపోయాడు. పిన్ని రిపోర్టులో ఉన్నదే రాసింది: ఇరవై ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. పంపేసి, నిచ్చెన కేసి ఒకసారి చూసింది.

పదింటికి రౌటర్ల దీపాలన్నీ ఆరిపోయాయి. పావుగంట తర్వాత ఒక్కొక్కటే కళ్లు తెరిచాయి. పిన్ని స్క్రిప్టు నడిపింది. పచ్చ, పచ్చ, పచ్చ... ఇరవై ఒకటి. పిల్లల వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది: “రక్తం రిపోర్టులు చకచకా వస్తున్నాయక్కా!”

వెంటనే మళ్లీ ఫోన్ మోగింది. మేనేజరు.

“అమ్మా, నా దగ్గర ఒక్క రిపోర్టూ తెరుచుకోవడం లేదు.”

“చూసే చెబుతున్నారా సార్?”

ముందు ఘొల్లున నవ్వింది అత్తగారన్నవాడే. అవతల మేనేజరు కూడా నవ్వేశాడు. “చూసే చెబుతున్నానమ్మా. పాస్‌వర్డు ఇస్తాను, రా తల్లీ!”

పిన్ని మెట్లు దిగి వెళ్లింది. పది నిమిషాల్లో ఇరవై రెండూ పచ్చ. మేనేజరు సొరుగులోంచి ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం తీసి, అక్కడికక్కడే సంతకం పెట్టి చేతికిచ్చాడు. “ఆ షరతు ఇక అన్ని స్క్రిప్టుల్లోనూ ఉండాలి” అన్నాడు.

పిన్ని కళ్లజోడు సర్దుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది.

“తేదీ వేయలేదు సార్.”