లెక్కల టీచరూ, డి విటమినూ

ఆ రోజుల్లో నేనొక మహాకావ్యానికి నాయకుణ్ణి. ఇందులో విరహం ఉంది, సోలిపోయిన దేహం ఉంది, చివర్లో నాయిక కన్నీరు కూడా ఉంటుందని మీకు మాటిచ్చి మొదలుపెడదామనుకున్నాను. అబద్ధమెందుకు, ఇది ఒక రక్తపరీక్ష కథ. నాయిక ఏడవలేదు, ఆవిడకి దిద్దాల్సిన పేపర్లున్నాయి. ("ఆ రోజుల్లో" అన్నానని నాకు జుట్టు నెరిసిందనుకోకండి. నాలుగేళ్ళ కిందటి సంగతే.)

అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారిగా నా తొలి ఉద్యోగం. పెద్దమ్మ ఇంట్లో మకాం. పొద్దున్న స్టడీ అవర్‌కి సూర్యుడికన్నా ముందు చేరేవాణ్ణి, సాయంత్రం స్టడీ అవర్ ముగించి ఆయన వెళ్ళిపోయాక బయటపడేవాణ్ణి. ఆదివారాలు ఫ్యాను కింద పడి నిద్రపోయేవాణ్ణి. మా ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. పైగా నా తరగతి గది కిటికీకి అడ్డంగా స్కూలు ర్యాంకుల ఫ్లెక్సీ కట్టారు. దాని వెనకాల, ట్యూబులైటు కింద నిలబడి, "ఎండ పడితే మన చర్మం డి విటమిను తయారుచేస్తుంది" అని రెండు సెక్షన్లకి గంభీరంగా పాఠం చెప్పాను.

పక్క గదిలో లెక్కల టీచరు ఉండేది. దేవరాపల్లి అమ్మాయి. గోడ అవతల్నుంచి "ఎక్స్ విలువెంత?" అని ఆవిడ అడిగినప్పుడల్లా ఇవతల నేను మనసులో జవాబు చెప్పేవాణ్ణి (తప్పే అయ్యుంటుంది). ఆవిడ వరండాలో నడిచి వెళితే గాజుల మీది సుద్దపొడి గాల్లోకి లేచి, ట్యూబులైటు వెలుగులో మంచులా, తీరిగ్గా, నేల మీదికి దిగేది. నేను అది పూర్తిగా దిగేదాకా చూసేవాణ్ణి. సరిగ్గా అప్పుడే నాకు కాళ్ళు పీకడం మొదలైంది. నడుం నొప్పి. మూడు మెట్లెక్కితే ఆయాసం. విటమిన్ల పాఠం అయిపోయి హార్మోన్ల పాఠంలో ఉన్నాను కాబట్టి నా రోగం నేనే తేల్చుకున్నాను. ఇది హార్మోన్ల పని, అంటే ప్రేమ. పెద్దమ్మ మాత్రం, "ఒరే, ఒంట్లో రగతం నేదురా నీకు. ఈ ముక్క నోట్లో ఎట్టుకో" అని పూటకో బెల్లం గడ్డ పెట్టేది. జ్వరమొచ్చినా బెణికినా మా ఇంట్లో మందు అదే.

ఇక ఆగలేక ఒక మధ్యాహ్నం, స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు, చెప్పేద్దామనుకున్నాను. ప్రేమిస్తున్నానని మొహం మీద అనడం మోటుగా తోచింది. సైన్సు మాస్టారిని కదా, లక్షణాలు చెబితే పేరు ఆవిడే పెడుతుందని నా ఎత్తు.

"టీచర్‌గారూ, ఈమధ్య ఒంట్లో ఏదోలా ఉంటోందండి."

ఆవిడ క్యారేజీ మూత తీస్తూ ఆగింది. "ఏటవుతందండి మాస్టారూ?"

"వరండాలోకొస్తే కాళ్ళు తేలిపోతున్నాయండి."

"పిక్కలు లాగుతన్నాయా?"

"లాగుతున్నాయండి."

"నడుం?"

"అదీనండి." ప్రేమ ఇంత సాఫీగా నడుస్తుందని నేనూహించలేదు.

"మీరసలు ఎండ మొహం సూత్తారా?"

"ఎండెందుకండీ, పక్క గదిలోంచి వెలుగొస్తుంటే." (నెల రోజులు కూర్చుకున్న వాక్యం.)

"ట్యూబులైటుకి ఏటీ రాదండి. మా అన్నయ్యకీ అచ్చం ఇలాగే. డి తక్కువ. సాయంత్రం రండి, లాబుకి నేనే తీసుకెల్తాను."

ఆ సాయంత్రం స్టడీ అవరయ్యాక ఆవిడ స్కూటీ వెనక కూర్చుని వెళ్ళాను. మార్కెట్‌నుంచి వచ్చే బెల్లం లారీ ఒకటి మా ముందు నెమ్మదిగా పోతోంది. దాని వెనకే గాలంతా తియ్యగా వీస్తోంది. ఆవిడ దాన్ని దాటకపోతే బాగుండుననుకున్నాను. దాటలేదు, ఎదురుగా బస్సొస్తోంది. లాబులో నాకు సూది గుచ్చుతుంటే ఆవిడ పక్క కుర్చీలో తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుకుంది.

రిపోర్టు చూసి డాక్టరు, డి అడుగంటిందన్నాడు. "హార్మోన్లేమో చూడండి డాక్టరుగారూ" అని బతిమాలాను. ఆయన నవ్వి, "డి విటమిన్ని లివరూ కిడ్నీలూ మార్చుకుని, చివరికి హార్మోనుగానే వాడుకుంటాయి బాబూ. నువ్వన్నదీ పూర్తిగా తప్పు కాదు" అన్నాడు. ఆ సగం మార్కుతో ఇంటికొచ్చాను. పెద్దమ్మ అడిగింది, "ఆ విటమిను బెల్లంలో ఉండదా?" ఉండదన్నాను. "అయితే ఆ డాట్రికేటీ తెల్దు" అంది.

ఆయన రాసిచ్చిన డి మాత్రలకి రెండు నెలల్లో కాళ్ళ పీకుడు పోయింది, నడుం నొప్పి పోయింది. స్కూటీ చప్పుడు వినబడితే గుండె దడదడలాడడం మాత్రం పోలేదు. దానికి చీటీలో మందు లేదు. ఈసారి లక్షణాలు లేకుండా నేరుగా చెబుదామని స్టాఫ్‌రూముకి వెళ్ళాను. ఆవిడ అందరికీ స్వీట్లు పంచుతోంది. ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందట, ఎక్కడో గొలుగొండ దగ్గర స్కూలట.

నా చేతిలో మైసూరుపాకు పెట్టి, "కాళ్ళెలాగున్నాయండి మాస్టారూ?" అంది.

"బాగున్నాయండి" అన్నాను.

నాలుగు నెలల్లో నేను ఆవిడతో చెప్పిన ఒకే ఒక్క సూటి మాట అది.

ఇప్పుడు రోజూ కాసేపు పెద్దమ్మ డాబా మీద ఎండలో నిలబడుతున్నాను. వీధిలో ఏదైనా స్కూటీ వెళితే, ఫ్లెక్సీ వెనక సుద్దపొడి దిగేదాకా చూసే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడిమీద కోపం రాదు, కిటికీ తెరిచి వద్దామనిపిస్తుంది అంతే. అన్నట్టు, ఆ డి మాత్ర డాక్టరు రాసిస్తే వారానికి ఒకటే. పరగడుపున వేసుకోకూడదు, భోజనం చేశాక వేసుకోవాలి.