చెనిక్కాయ జారని సంచి

నా చిన్నప్పుడు మా ముదిగుబ్బలో నాకు తెలిసినంతలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మా నాయన ఒకసారి శింగనమల చెరువు నిండినప్పుడు చూసి వచ్చి, సముద్రం దానికి రెండింతలుంటుందేమో అని ఒక అంచనా చెప్పేవాడు. మేం నమ్మేవాళ్లం. తాగడానికి బిందెడు నీళ్లు దొరికితే చాలనుకునే ఊరు మాది. అటువంటి ఊళ్లో, నాకు పదేళ్లున్నప్పుడు, సముద్రానికి అడ్డం వెయ్యడానికని ఆడవాళ్లంతా కూర్చుని గోనెసంచులు కుట్టారు. ఆ పనిలో నేనొక వెధవపని చేశాను. దాన్ని చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా వీధి చివర ఆస్పత్రిలో పనిచేసే నర్సు ఒకామె ఉండేది. మేమంతా నర్సక్క అనేవాళ్లం. ఆమెది సముద్రం ఒడ్డున ఒక చేపలు పట్టేవాళ్ల ఊరు. ఆ ఏడు తుఫాను వచ్చి వాళ్ల ఊరికి కాపుగా ఉన్న మట్టికట్టకు గండి పడింది. ఆ ఊరి పడుచువాళ్లు జీతం బత్తెం లేకుండా వంతులు వేసుకుని రేయింబవళ్లు కట్టను కాస్తున్నారని, గండిలో ఇసుక మూటలు పేర్చి అలలను ఆపుతున్నారని ఆమెకు ఉత్తరం వచ్చింది. సంచులు అయిపోయాయి. అమావాస్యకు పోటు పెద్దదవుతుంది, అంతలోపల గండి పూడకపోతే ఊళ్లోకి నీళ్లు వస్తాయి. కట్టకు నాలుగిళ్ల అవతలే నర్సక్క తల్లి ఒక్కతే ఉంటుంది. ఆ ఉత్తరం పట్టుకుని నర్సక్క, మేం ఖాలా అని పిలిచే మా పక్కింటి ముస్లిం పిన్నమ్మ దగ్గరకు వచ్చి కూర్చుంది.

ఖాలా దగ్గరకే ఎందుకంటే, చిరిగిన గోనెసంచులకు మాసికలు వెయ్యడం ఆమె వృత్తి. వేరుశనగ మిల్లు నుంచి చినిగిన సంచులు బండి మీద వచ్చి ఆమె అరుగు మీద పడేవి, బాగుపడి మళ్లీ మిల్లుకు పోయేవి. దబ్బనం ఆమె చేతిలో ఎంత వేగంగా తిరిగేదంటే, మాతో మాట్లాడుతూ మా మొహాలే చూస్తూ కుట్టేది. మనిషి కొంచెం కరుకు. మాటలో తీపి ఉండేది కాదు, కానీ ఆమె ఇంట్లో ఏది వండినా నాకొక ముద్ద ఉండేది.

నర్సక్క చెప్పిందంతా విని ఖాలా, "అమావాస్య ఎన్నాళ్లుండాది?" అని మాత్రం అడిగింది. ఎనిమిది రోజులన్నారు. "రెండు దినాలు లారీకి, రెండు దినాలు వాళ్లు ఇసక నింపి పేర్చేదానికి పోతే, మూడు దినాల్లో మనం కుట్టల్ల. పొరపాటొస్తే ఒగ దినం చేతిలో ఉండనీ" అంది. మిల్లులో గుమస్తాగా ఉన్న మా నాయన యజమానిని అడిగి పనికిరాని సంచుల కుప్ప ఒకటి తెచ్చాడు. చేపలు దించి ఖాళీగా వెనక్కి పోయే లారీ ఒకటి ఎలాగూ అటు పోతోంది, ధర్మవరం దగ్గర ఆగుతుందన్నారు. వీధిలో ఆడవాళ్లు పనులు ముగించుకుని ఒక్కొక్కరే అరుగు మీదికి చేరారు. కూలి లేదని అందరికీ తెలుసు.

నాకూ ఒక పని ఇచ్చారు. కుట్టిన సంచిని పరీక్ష చెయ్యడం. మా దగ్గర దానికొక పద్ధతి ఉంది. సంచిలో రెండు దోసిళ్ల వేరుశనగ కాయలు, మా మాటలో చెనిక్కాయలు, పోసి, మూతి పట్టుకుని బాగా విదిలించాలి. ఒక్క కాయ కూడా కింద పడకపోతే సంచి పాసైనట్టు. కాయ పట్టనంత చిన్న రంధ్రాన్ని మా ఊళ్లో ఎవరూ రంధ్రం కింద లెక్కపెట్టరు, దానికి దారం దండగ. తాతల కాలం నుంచి అదే పద్ధతి గనుక, ఈ సంచుల్లో పోసేది కాయలు కాదు, ఇసుక అన్న సంగతి అంతమంది పెద్దవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. చేతులు అలవాటు చొప్పున పోతున్నాయి, అంతే.

నాకు మాత్రం రెండో రోజు మధ్యాహ్నమే తెలిసింది. అందరూ అన్నాలకు లేచినప్పుడు, ఆటకని ఒక సంచిలో వంక ఇసుక నాలుగు గుప్పెళ్లు పోసి ఎత్తి పట్టుకున్నాను. అడుగున నాలుగైదు చోట్ల నుంచి సన్నగా ధారలు కట్టి కారింది. నేను పాస్ చేసిన సంచే అది. గబగబా దులిపి కుప్పలో కలిపేశాను.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు. పొద్దుటి నుంచి అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, ఈ పిల్ల చేతిలో పడితే సంచి తప్పించుకోలేదని. ఆ పొగడ్త పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. రెండోది ఇంకా సిగ్గుపడాల్సిన కారణం. ముందురోజు మా నాయన ఒక మాటన్నాడు. "ఊరికే ఇచ్చేదానికి ఇంగ ఇంతకన్నా ఏం గావల్లప్పా." ఆయన మంచి మనసుతోనే అన్నాడు, ఆడవాళ్ల కష్టం చూసి. నేను మాత్రం దాన్ని నాకు కావలసినట్టు వాడుకున్నాను. ఊరికే కదా ఇస్తున్నాం, కొంచెం కారితే ఏమైందిలే అనుకున్నాను. నర్సక్క ఆ పక్కనే కూర్చుని, ఎప్పుడూ దబ్బనం పట్టని చేతులతో కుడుతూ వేళ్లు పొడుచుకుంటోంది. ఆమె వైపు చూడకుండా తప్పించుకుని తిరిగాను.

మూడో రోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది. సంచులను కట్టలు కడుతూ ఖాలా ఒక సంచి దగ్గర ఆగింది. లోపల చెయ్యి పెట్టి మూలలో తడిమింది. వేళ్లకంటిన ఇసుకను రుద్ది చూసుకుంది. నన్ను పిలిచింది.

"పాపా, ఒగ సంచికి ఇసక ఎంత బరువుంటాదో నర్సమ్మకు చూపియ్యల్ల. వంకలోకి పోయి, నువ్వు మొయ్యగలిగినంత పోసుకోని రా" అంది. చేతికిచ్చిన సంచి ఏదో నేను గుర్తుపట్టాను. అడుగున నీలం గీత ఉన్న సంచి, నేను దులిపి దాచిందే. వేరే సంచి ఇమ్మంటే ఎందుకో చెప్పాల్సి వస్తుందని అదే పట్టుకుని పోయాను.

వంక మా వీధికి దూరమేమీ కాదు. సంచి నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో జుట్టులోకి, మెడ మీదికి, జాకెట్టులోకి ఇసుక కారడం మొదలైంది. ఆగి దించితే ఇంకా కారుతుంది, నడిస్తే దారంతా కారుతుంది. ఏడుపు వస్తోంది, చేతులు ఖాళీ లేక కళ్లు కూడా తుడుచుకోలేకపోయాను. అరుగు దగ్గరకు వచ్చేసరికి తల మీద బరువు సగం కూడా లేదు. వెనక్కి చూస్తే వంక దాకా సన్నటి గీత. అరుగు మీద ఉన్నవాళ్లంతా ముందు నన్ను చూశారు, తర్వాత ఆ గీతను చూశారు. ఎవరికీ ఏమీ వివరించవలసిన అవసరం లేకపోయింది. నర్సక్క మొహం పాలిపోయింది.

నేను దెబ్బలకు సిద్ధపడి, నాకు నిన్ననే తెలుసని చెప్పేశాను. ఊరికే ఇచ్చేదే గదా అనుకున్నానని కూడా చెప్పాను. కట్టలు బండికెత్తడానికి వచ్చి ఉన్న మా నాయన చెయ్యెత్తాడు. ఖాలా అడ్డం వచ్చింది.

"కొట్టాకు, అన్నా. చెనిక్కాయలు పోసి చూడమని నేర్పించింది నేనే. ముసల్దాన్ని, నాకే తోచల్యా" అంది. తర్వాత నన్ను దగ్గరికి లాగి జుట్టులో ఇసుక దులుపుతూ, ఎప్పటి కరుకు గొంతుతోనే చెప్పింది. "దుడ్లిచ్చి కొన్నోడు, సంచి బాగలేకుంటే తెచ్చి మన మొగాన పారేస్తాడు. ఊరికే తీసుకున్నోడు యాడ అడుగుతాడు పాపా? బాగలేదని తెలిసినా దండం పెట్టి తీసుకుంటాడు. వాని తరపున మనమే అడగల్ల."

అప్పుడు ఏడ్చాను, బాగా ఏడ్చాను. కొట్టి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు.

చేతిలో ఉంచుకున్న ఆ ఒక్క రోజు ఇప్పుడు ఖర్చయింది. మా నాయన సైకిలెక్కి ధర్మవరం పోయి లారీ డ్రైవరును బతిమాలి, మరుసటి మధ్యాహ్నం దాకా ఆగేటట్టు ఒప్పించి వచ్చాడు. ఆడవాళ్లు కట్టలన్నీ విప్పారు. ఈసారి ప్రతి సంచినీ తిరగేసి ఎండకు ఎత్తి పట్టాం. వెలుతురు పడిన చోటల్లా బొగ్గుతో సున్నా చుట్టడం నా పని. ఒక్కో సంచికి ఎన్ని సున్నాలో. పాత గోనె పీలికలు అయిపోతే, ఖాలా బాగున్న సంచులనే కత్తిరించి మాసికలు చేసింది. సంచులు తగ్గిపోతాయి గదా అని మా నాయన అడ్డం చెప్పబోతే, "తగ్గనీన్నా, లెక్కకు పంపిస్తే వాళ్లేం జేసుకుంటారు?" అంది. మరుసటి రోజు లారీ ఎక్కిన కట్టలు ముందుకన్నా తక్కువే. వాటితో పాటే నర్సక్క కూడా సెలవు పెట్టి ముందు సీట్లో కూర్చుని పోయింది.

పదిహేను రోజులకు గాని తిరిగి రాలేదు. ఆ రోజుల్లో నాకు అన్నం సరిగా పోలేదు. బొగ్గు సున్నా పడకుండా నా కన్ను తప్పించుకున్న రంధ్రాలు ఎన్ని ఉన్నాయో అని అదే ఆలోచన. వచ్చేసరికి మనిషి నల్లబడి, చిక్కిపోయి ఉంది. పెట్టె దించకముందే ఖాలా అరుగు మీద కూలబడి చెప్పింది. పోటు వచ్చింది. కుర్రాళ్లు నడుము లోతు నీళ్లల్లో నిలబడి మూటలు పేర్చారు, ఆమె, ఆమె తల్లి, ఊరి ఆడవాళ్లు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ అందించారు. ఒకవైపు కట్ట కొంత కోసుకుపోయింది, రెండిళ్లల్లోకి నీళ్లు వచ్చాయి. గండి దగ్గర మాత్రం నిలబడింది.

"మా అమ్మ ఒక సంచి తిరగేసి చూసిందండి" అంది నర్సక్క. "మాసిక మీద మాసిక చూసి, మనమెవరో తెలియనోళ్లు ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు కుట్టారే అని అడిగింది."

ఖాలా లేచింది. లోపలికి పోయి ఆమెకు అన్నం పెట్టింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎండాకాలం బస్టాండు దగ్గర మేం నలుగురం కలిసి చలివేంద్రం పెడతాం. రోజూ పొద్దున కుండలు లోపలికంటా చెయ్యి పెట్టి రుద్ది కడుగుతాను, నీళ్లు గుడ్డలో రెండుసార్లు వడగడతాను. నాతో వచ్చే పడుచుపిల్లలు నవ్వుతారు, ఊరికే పోసే నీళ్లకు ఇంత పని ఎందుకవ్వా అని. అబద్ధమెందుకు చెప్పాలి, నడుము నొప్పిగా ఉన్న పొద్దున ఆ మాట వాళ్లకన్నా ముందు నా మనసులోకే వస్తుంది. ఊరికే గదా, ఈ రోజుకు చాల్లే అని. ఒక్క నిమిషం కూర్చుంటాను. తర్వాత లేచి, కడిగిన కుండనే మళ్లీ కడుగుతాను.