రిజర్వులో ఉండిపోయిన ట్యాపు

2004 జూన్‌లో నన్ను గద్వాల నుంచి కోడేరు వైపు ఒక గ్రామీణ పశువైద్య ఉపకేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా వెటర్నరీ అసిస్టెంటు. అంటే పశువైద్యాధికారి కింద సూదులు వేసేవాడు, కట్లు కట్టేవాడు, రిజిస్టరు రాసేవాడు. ఉపకేంద్రంలో డాక్టరు ఉండడు. అందుకని ఊళ్లవాళ్లు నన్నే డాక్టర్ సారూ అనేవారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. తర్వాత మానేశాను. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు నచ్చింది.

నాకు వంద సీసీ బండి ఉండేది. సెకండ్ హ్యాండుదే అయినా గద్వాల బజార్లలో దాని మీద తిరగడం నాకు మహా ముచ్చట. పొద్దున పాలకు, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం ఊరికే కోట వైపు ఒక చుట్టు. సీట్లోంచి కిందికి చూడకుండా ఎడమ చేత్తో పెట్రోలు ట్యాపు తిప్పగలనని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఆ బండికి పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు లేదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతే పెట్రోలు అడుగంటిందని లెక్క. అప్పుడు ట్యాంకు కింద ఉన్న ట్యాపును రిజర్వుకు తిప్పితే బంకు దాకా పోవచ్చు. నింపాక మళ్లీ మామూలుకు తిప్పాలి. తిప్పడం మరిచిపోతే రెండోసారి ఆ హెచ్చరిక రాదు, బండి ఒకేసారి ఆగుతుంది.

మా వైపు ఒక మర్యాద ఉంది. దారి పక్కన ఎవరైనా ఖాళీ సీసా ఎత్తి చూపిస్తే బండి ఆపి తీరాలి. పైపు పీకి ఒక సీసాడు పెట్రోలు పట్టి ఇవ్వాలి. ఇవ్వనివాణ్ణి మనిషి కింద జమ కట్టరు. నేను చేరిన రెండో వారంలో పెళ్లికి పోతున్న దంపతులు అలాగే సీసా ఎత్తారు. భార్య చంకలో పసిపాప ఉంది. పైపు పీకితే దారంలాగా సన్నగా కారింది. ట్యాపు రిజర్వుకు తిప్పాను, సీసా నిండింది. "పుణ్యముంటదన్నా" అన్నాడతను. పైపు తగిలించి కిక్కు కొట్టి వచ్చేశాను. ట్యాపు రిజర్వులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు బండి ఊళ్లోనే తిరిగింది. గది నుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి హోటలుకు. మూడో రోజు పొద్దున పక్కనున్న ఎస్టీడీ బూత్ అతను పరుగున వచ్చి పిలిచాడు. ఫోన్‌లో బాలస్వామి. ఎకరమో రెండెకరాలో మెట్ట చెలక, ఒక జత ఎడ్లు ఉన్న రైతు. వారం కిందటే వాటికి గొంతువాపు టీకా వేసి వచ్చాను.

"సారూ, ఎడ్లు నాము తిన్నయ్. ఒకటి కింద వడ్డది. ఇంకోటి నిలవడ్డది గని వణుకుతుంది. జల్ది రా సారూ!"

నాము అంటే, కోసిన జొన్న కొయ్యలకు తొలివానకు వచ్చే పిలకలు. చూడ్డానికి పచ్చగా ఉంటాయి, ఎండాకాలమంతా ఎండుచొప్ప నమిలిన పశువు ఎగబడి తింటుంది. వాటిలో విషం ఉంటుంది, ఊపిరి అందక పశువు పడిపోతుంది. మందు ఉంది. హైపో అనే ఉప్పును నీళ్లలో కరిగించి మెడ నరానికి ఎక్కించాలి. సమయానికి పడితే పడుకున్న ఎద్దు కూడా లేచి నిలబడుతుంది. గద్వాలలో నా కళ్లతో చూశాను. అందుకే బాలస్వామికి ధైర్యం చెప్పాను, వస్తున్నా, నిలబడ్డదాన్ని పడుకోనివ్వకు అని. మందు సంచిలో ఉంది. సూదులు ఉన్నాయి.

సగం దారిలో, ఎత్తు ఎక్కుతుండగా బండి ఆగింది. అలవాటుగా ఎడమ చెయ్యి కిందికి పోయింది. ట్యాపు అప్పటికే రిజర్వులో ఉంది. బండిని పక్కకు పడుకోబెట్టి లేపాను. అడుగున ఉన్న చుక్కలతో కొద్ది దూరం పోయి మళ్లీ ఆగింది. ట్యాంకులోకి నోటితో ఊదాను. దారిన ఎవరూ రాలేదు. సీసా ఎత్తి చూపడానికి నా దగ్గర సీసా కూడా లేదు. బండిని అక్కడే పడేసి, సంచి భుజాన వేసుకుని పరుగెత్తాను.

నేను చేరేసరికి మొదటి ఎద్దు చచ్చిపోయింది, రెండోది కూడా పడి ఉంది. దాని తల బాలస్వామి ఒడిలో ఉంది. చేతికి పలుపు చుట్టుకుని ఉన్నాడు. గుంజి గుంజి అరచేయి ఒరుసుకుపోయింది. అయినా నరం దొరకబుచ్చుకుని సూది గుచ్చాను. అందులోకి వచ్చిన రక్తం ఎర్రగా మెరుస్తోంది. నాము విషానికి అదే గుర్తు. మందు ఎక్కుతుండగానే ఎద్దు ఊపిరి ఆగిపోయింది.

"ఇప్పటి దాంక నిలవడ్డది సారూ. నువ్వు జెప్పినట్టె నిలవెట్టిన" అన్నాడు. కాసేపటికి నా వెనక చూసి, "బండేది సారూ?" అని అడిగాడు.

ఖరాబైందన్నాను.

"బండి ఖరాబైతె నువ్వేం జేస్తవ్. గింత ఎండల ఉరికొస్తివి."

అతని భార్య నాకు చెంబుతో నీళ్లు ఇచ్చింది. తాగాను.

పశువు చనిపోతే ధ్రువపత్రం రాయాలి, దాన్ని చూసే మండలాఫీసులో సాయం సంగతి ఆలోచిస్తారు. అందులో చికిత్స ఫలించకపోవడానికి కారణం అని ఒక గడి ఉంది. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి "యజమాని ఆలస్యంగా సమాచారం ఇచ్చినందున" అని రాశాను. ఎద్దు పడగానే అతను బూత్‌కు ఉరికాడని నాకు తెలుసు. బాలస్వామికి చదువు రాదు. ఏం రాశావని అడగలేదు. ఆ వాక్యం కింద వేలిముద్ర వేసి, దండం పెట్టి వెళ్లాడు. సాయం రాలేదు. యజమాని అశ్రద్ధ అని ఆఫీసు వాళ్లు కాగితం తిప్పి పంపారు.

మిగతావాళ్లు దుక్కులు దున్నుతుంటే అతని చెలక బీడు పడింది. శ్రావణం రాకముందే భార్యాభర్తలు పుణె పనులకు పోయారు. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ ఇంటికి తాళమే చూశాను.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ట్యాపు తడిమి చూడకుండా బండి ఎక్కలేదు, ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను అడిగితే సంచి సర్దుకునే ముందు ట్యాంకు చూసుకొమ్మని చెబుతాను. ఆలస్యం మీదైతే కారణం గడిలో మీ తప్పే రాయండని కూడా చెబుతాను. నేను రాయలేదు. తర్వాతైనా దిద్దలేదు. నా తప్పు కింద ఇంకా బాలస్వామి వేలిముద్రే ఉంది.