రెక్కలో కనిపించిన మబ్బు

మొన్న పొద్దున మా మనవరాలు లావణ్య వసారాలో చాప పరుచుకుని, పొలాలకు మందు కొట్టే డ్రోనును ముందు పెట్టుకుని, దాని మరల మీద ఒక్కొక్క చుక్క గోళ్లరంగు పెడుతూ కూర్చుంది. అలా పెడితే ఎంత అదిరినా మరలు వదులు కావట. నేను పక్కనే చాటలో బియ్యం చెరుగుతున్నాను. గాలి నా వైపు తిరిగింది. తియ్యగా మొదలై, ముక్కు లోపల చల్లగా తగిలి, కాసేపటికి తల వెనక నొప్పిగా మారే ఆ వాసన తగలగానే నా చేతులు ఆగిపోయాయి. గోళ్లరంగు వాసనకు ఎవరికి ఏం గుర్తొస్తుందో తెలియదు గానీ, నాకు మాత్రం ఒక్కసారిగా భగ్గుమన్న పట్టుబట్ట గుర్తొస్తుంది.

మాది ఉరవకొండకూ గుంతకల్లుకూ నడుమ మెట్టభూముల ఊరు. ఆషాఢంలో మొదలైన గాలి శ్రావణం దాటినా ఆగేది కాదు. తలుపు సందుల్లోంచి, మిద్దె గవాక్షిలోంచి ఎర్రమట్టి దిగి సంగటి ముద్దల మీద, పడుకున్న పిల్లల కనురెప్పల మీద పలచగా పేరుకునేది. మా వైపు నాగుల చవితి శ్రావణంలోనే, ఆ గాలిలోనే వచ్చేది. అమ్మ రోట్లో నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేస్తుంటే రోకలికి అంటుకున్నది నాకడానికి మేం చుట్టూ మూగేవాళ్లం. నీళ్లు లేని చెరువు మధ్యలో, పెంకుల్లా పగిలిన ఒండ్రు మీద కూర్చుని అచ్చనగండ్లు ఆడేవాళ్లం. పగుళ్లలో వేళ్లు పెడితే నత్తగుల్లలు దొరికేవి. చిన్న చేపల ముళ్లు కూడా దొరికేవి, అవి ఏ ఏటి నీళ్లలో బతికిన చేపలవో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో లేరు. మా అవ్వ, అంటే నాయన తల్లి, అందరికంటే ముందు లేచి వాకిట్లో నిలబడి తూర్పు దిక్కును చాలాసేపు చూసేది. వాన వచ్చేలా ఉంటే ఏదో ఒకటి అనేది. ఏమీ అనకుండా లోపలికి వచ్చి ఆకువక్క సంచి విప్పుకుందంటే, ఆ రోజు నాయనతో ఎవరూ మాట్లాడకూడదని మాకు అర్థమయ్యేది.

శ్రావణంలోనే గంగాధరం మామ వచ్చేవాడు. ఆయన మా మేనత్త భర్త, గుంతకల్లులో రైలు పెట్టెలకు రంగు వేసే పనివాడు. బస్సు పైనుంచి దింపిన ఇనుప ట్రంకుపెట్టెను నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, నీళ్లకుండ మోసేవాడిలా నడిచేవాడు. అందులో విమానం ఉండేది. మూరెడేసి రెక్కలు, బొటనవేలంత ఇంజను. కిరోసిన్, ఆముదం, ఇంకేదో ఘాటైన మందు కలిపి పోస్తే కందిరీగల తుట్టె కదిలినట్టు అరిచేది. రెండు సన్నని ఉక్కు తీగలు పట్టుకుని మనిషి మధ్యలో నిలబడి తిరుగుతుంటే అది ఆయన చుట్టూ గిరగిరా ఎగిరేది. గుంతకల్లులో ఇలాంటివి చేసేవాళ్లు పదిమంది దాకా ఉండేవాళ్లు. బళ్ళారి నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి కలిసేవాళ్లు. చదునుగా, చెట్టూ చేమా లేకుండా ఉంటుందని ఏటా మా చెరువులోనే పోటీ పెట్టేవాళ్లు. చెరువులోకి నీళ్లు వచ్చిన ఏడు పోటీ ఉండదు. ఆ మాట వాళ్లు నవ్వుతూ అనేవాళ్లు, మా ఊరివాళ్లు నవ్వేవాళ్లు కాదు.

ఎక్కువసేపు ఎగిరిన విమానానికి వెండిపూత కప్పు ఇచ్చేవాళ్లు. అన్నింటికంటే నునుపుగా, పనితనంగా తయారైన దానికి నల్లచెక్క షీల్డు. షీల్డు మీద చిన్న చిన్న ఇత్తడి రేకులు ఉండేవి, ఒక్కో ఏడు గెలిచినవాడి పేరు ఒక్కో రేకు మీద చెక్కేవాళ్లు. గెలిచినవాడు ఏడాది ఇంట్లో పెట్టుకుని, మరుసటి పోటీకి పేరు చెక్కించి తెచ్చి అప్పజెప్పాలి. మామకు కప్పు మీద ఆశ లేదు. షీల్డు కోసమే వచ్చేవాడు.

"రైలుపెట్టెకు ఎంత బాగా రంగేసినా దానిమింద నా పేరు ఎవురు రాస్తారు పాపా? ఒక్క రేకు. వేలెడంత రేకు చాలు నాకు," అనేవాడు.

కానీ షీల్డు రావాలన్నా విమానం కనీసం మూడు చుట్లు ఎగరాలి. అక్కడే ఉంది చిక్కు. బెండులాంటి తేలిక కట్టెతో చీపురు పుల్లలంత సన్నని ఎముకలు కట్టి, ధర్మవరం నుంచి తెచ్చిన పల్చని పట్టుగుడ్డను తడిపి వాటి మీద బిగించి, దాని మీద డోపు అనే వార్నీషు పూసేవాడు. ఆ డోపు వాసనే మొన్న వసారాలో నాకు తగిలిన వాసన. ఒక పూత ఆరాక నునుపు కాగితంతో రుద్ది, మళ్లీ పూత, మళ్లీ రుద్దడం. పూత పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఒక ఏడు మామ విమానం అద్దంలా మెరిసి నేల మీదినుంచి లేవనే లేదు. ఇంకో ఏడు లేచింది గానీ తోక కింద రంగు చుక్క ఒకటి కారి గడ్డకట్టిందని పక్కన పెట్టారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన రుద్దే పని నాకు ఇచ్చాడు. రంగు పట్టి మొద్దుబారిన తన వేళ్లకు నునుపు తెలియడం లేదన్నాడు. కాగితాన్ని చెంబు నీళ్లలో ముంచి, అరచేత్తో నొక్కకుండా గుండ్రంగా తిప్పుతూ, పశువుల కొట్టం పక్క గదిలో పన్నెండు రోజులు ఆ రెక్కలను రుద్దాను. ప్రతి పూత తరువాత మామ విమానాన్ని తక్కెడకు ఒకవైపు వేలాడగట్టి రెండోవైపు చెనక్కాయలు వేసేవాడు. చివరికి, "ఇంగ నాలుగు కాయల బరువు పెరిగితే లేయదు పాపా," అని డబ్బా మూత బిగించేశాడు. కళ్లు మూసుకుని రెక్క మీద వేలు నడిపాడు. ఆ వేలు ఎక్కడా ఆగలేదు. రైలుపెట్టె ఎరుపు రంగు రెక్కలో నా ముఖం, నా వెనక కిటికీ, కిటికీలోంచి కాకి లేని ఆకాశం కనిపించాయి. పనిలో ఉన్నంతసేపూ నాకు తల తిరిగేది, అన్నం రుచించేది కాదు. అయినా అంత సంతోషంగా నేను అంతకుముందు లేను.

ఆ పన్నెండు రోజులూ వాన పడలేదు. చేలో చెనక్కాయ పూసింది. పూత తరువాత చెట్టు నుంచి ఊడలు భూమిలోకి దిగాలి, దిగితేనే కాయ. నేల రాయిలా ఉంటే ఊడ కొన వంగి, నల్లబడి, ఎండిపోతుంది. నాయన సాయంత్రం చేనినుంచి వచ్చి ఒక మొక్కను తెచ్చి వాకిట్లో పెట్టేవాడు. ఊరి ఆడపిల్లలం రోకలికి కప్పను కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకున్నాం. నేనూ తిరిగాను. అందరితో కలిసి వానను పిలుస్తూ, లోపల మాత్రం పోటీ జరిగే ఆదివారం దాకా రావద్దని అనుకుంటూ తిరిగాను.

శనివారం పొద్దున అవ్వ వాకిట్లో నిలబడి, "గాలి తిరిగింది. రేపో మాపో పడ్తాది," అంది. మామ ఆ మాట విని ట్రంకుపెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయాడు. చెరువు తడిస్తే పోటీ లేదు. ఆ ముఖం చూశాక నేను చేసింది చెప్తాను.

మా వైపు పెళ్లి జరిగే ఇంట్లో వాన అడ్డం రాకూడదని, ఆ ఇంటి ఆడపిల్ల కొత్త చీపురును మిద్దె మీద తలకిందులుగా నిలబెట్టేది. పెళ్లి అయిపోగానే తీసేసేవాళ్లు. నేను గాదె వెనకనుంచి కొత్త చీపురు తీసుకుని, నిచ్చెన ఎక్కి, మిద్దె మూలన రెండు రాళ్ల నడుమ దాన్ని తలకిందులుగా నిలబెట్టి దిగి వచ్చాను.

ఆదివారం పోటీకి ఊరంతా చెరువు గట్టు మీదికి వచ్చింది. విమానాలను వరసగా నులకమంచాల మీద పెట్టారు. షీల్డు తీర్పు చెప్పే పెద్దాయన కళ్లజోడు నుదుటికి నెట్టి, ప్రతి రెక్క మీదా వంగి, వెలుగు ఎలా జారుతుందో చూసుకుంటూ వస్తున్నాడు. అప్పుడే తూర్పున మబ్బు లేచింది. నల్లగా, బరువుగా, అడుగున ఊదారంగుతో. గట్టు మీద జనం విమానాలను మరిచిపోయి అటు తిరిగారు. మా వీధి ఓబుళమ్మ ఒక్కతే మామ విమానం దగ్గర నిలబడి ఉంది. ఆ రెక్క మీద మబ్బు మొత్తం, అంచుల మెరుపుతో సహా, ఎర్రగా పడుతోంది.

"అమ్మో! మబ్బును పట్టి దీంట్లో పెట్టినాడు సూడండి!" అంది.

కొందరు నవ్వారు. కొందరు వచ్చి చూశారు. చూసినవాళ్లు నవ్వలేదు.

మామ తీగలు పట్టుకున్నాడు. ఇంజను అరిచింది. విమానం లేచింది. ఒకటి, రెండు, మూడు చుట్లు. నేను చప్పట్లు కొట్టాను, ఇంకెవరూ కొట్టలేదు. నాలుగో చుట్టుకు గాలి విసురుగా తిరిగింది. విమానం దిగేసరికి మబ్బు రెండుగా చీలి, ఒక ముక్క బళ్ళారి వైపు, ఇంకో ముక్క కొండల మీదికి జారిపోయాయి. మా ముఖాల మీద మళ్లీ ఎండ పడింది. పెద్దాయన షీల్డు మామ చేతుల్లో పెట్టి ఏదో ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. పట్నం వాళ్లు తొందరగా సర్దుకుని వెళ్లిపోయారు.

దీపాలు పెట్టే వేళకు ఊరిపెద్ద నారాయణప్ప ఇరవైమందితో మా వాకిట్లోకి వచ్చాడు. అరుపులు లేవు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఏమప్పా గంగాధరం, నువ్వు ఈ ఇంటి అల్లునివి, నిన్నేమీ అనం. మబ్బును పట్టిన ఆ విమానం మాత్రం ఇయ్యల్ల," అన్నాడు నారాయణప్ప.

మామ నాయన వైపు తిరిగాడు. "బావా, నువ్వు గూడా నమ్ముతాండావా?"

"నమ్మేది నమ్మంది కాదు. రేపు నేను ఈ ఊర్లోనే బతకల్ల," అన్నాడు నాయన.

మామ లోపలికి వెళ్లి విమానాన్ని తనే తెచ్చాడు, రెండు చేతుల మీద, నిద్రపోతున్న బిడ్డను తెచ్చినట్టు. నేను వాకిట్లోకి పరిగెత్తబోయాను. చీపురు నేనే పెట్టానని చెప్పాలని నోరు తెరిచాను. వెనకనుంచి అవ్వ నా జడ పట్టుకుని లోపలికి లాగింది. ఆమె చంకలో ఆ చీపురు ఉంది. ఎప్పుడు చూసిందో, ఎప్పుడు తీసిందో.

"నోరు ముయ్యి మే. అది కాలితే కట్టె, గుడ్డ. నీకు పేరు పడితే ఎన్ని కరువులొచ్చినా నీ పేరే," అని చెవిలో అంది. చీపురును పొయ్యిలో పెట్టింది.

బయట విమానానికి నిప్పు ముట్టించారు. డోపు పూసిన పట్టు కాలడానికి ఊపిరి తీసినంతసేపు కూడా పట్టలేదు. పన్నెండు రోజుల నునుపు ఒక్కసారి తెల్లగా వెలిగింది, తరువాత ఆ వాసన, తరువాత చీకటి. నల్లబడ్డ ఎముకలు కాసేపు రెక్కల ఆకారంలోనే నిలబడ్డాయి. మామ తెల్లవారకముందే వెళ్లిపోయాడు, షీల్డు తీసుకుపోలేదు. మళ్లీ మా గడప తొక్కలేదు. పోటీవాళ్లు కూడా ఆ తరువాత మా చెరువుకు రాలేదు, షీల్డు అడిగినవాళ్లు లేక అది మా ఇంట్లోనే ఉండిపోయింది. విమానం కాలినందుకు వాన ఏమీ రాలేదు. ఊడలు ఎండిపోయాయి. నాయన ఎద్దులను సంతకు తోలుకుపోయిన రోజు నేను కొట్టం గదిలో దాక్కున్నాను. అక్కడి గోడలకు ఇంకా డోపు వాసనే.

బడికి పోని నాకు యాభై దాటాక లావణ్యే అక్షరాలు నేర్పింది, పలక మీద, తన హోంవర్కు అయిపోయాక. షీల్డు మీద ఉన్నవి ఇంగ్లీషు పేర్లు కాబట్టి వాటినీ అదే చదివి వినిపించింది. ఏడు రేకుల మీద ఏడు పేర్లు. ఎనిమిదోది ఖాళీ. దాన్ని చింతపండుతో ఎన్నిసార్లు తోమానో, అది రెక్కలాగే మెరుస్తుంది.

ఇప్పుడు ఆ చెరువు నిండా సర్కారు తుమ్మ. బొమ్మ విమానాలు ఎగిరేవని చెప్తే పిల్లలు నమ్మరు. పెళ్లికి చీపురు నిలబెట్టడం నా వయసువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అవ్వ లేదు, నాయన లేడు, మామ, అత్త గుంతకల్లు వదిలి ఎక్కడికి పోయారో కబురే రాలేదు. మబ్బు కోసం ఎవరినో ఒకరిని వెతకడం మాత్రం పోలేదు. మొదట కొండల మీది గాలిమరలను అన్నారు. వాటికి కంచె ఉంది, కాపలా ఉంది, కంపెనీ ఉంది, తిట్టి ఊరుకున్నారు. ఈ శ్రావణంలో చెనక్కాయ పూత మీద ఉంది, నేల మళ్లీ రాయి. ఆ పిల్ల డ్రోను తిప్పినప్పటి నుంచీ మబ్బు నిలవడం లేదని నాలుగు రోజులుగా అంటున్నారు. డ్రోనుకు కంచె లేదు. అది మా వసారాలో ఉంటుంది.

అందుకే నిన్న పొద్దున పాలకేంద్రం దగ్గర, పాలు పోయడానికి వచ్చిన అందరి ముందూ చెప్పాను. విమానం గురించి, మబ్బు గురించి, చీపురు గురించి. ఆ ఏడు ఒక తొమ్మిదేళ్ల పిల్ల పిచ్చిపని చేసిందనీ, ఏ పాపమూ లేని విమానాన్ని కాల్చినా చినుకు రాలలేదనీ, ఈ పిల్లను వదిలేయమనీ.

నారాయణప్ప మనవడు నవ్వుతూ, "అయితే అవ్వా, ఇప్పుడు చీపురు యాడ పెట్టినావు?" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగిలినవాళ్లు నా జవాబు కోసం చూశారు.

అక్కడినుంచి చేనికి పోయి, మధ్యాహ్నం ఇల్లు చేరాను. మందు కొట్టడానికి పోయిన లావణ్య ఇంకా రాలేదు. మా సిమెంటు మిద్దె మెట్ల మీద ఎర్రమట్టి అడుగులు ఉన్నాయి, పైకి పోయినవి, కిందికి దిగినవి. ఒక్కరివి కావు. పైన ఏమీ లేదు, ఎండిపోయిన మిరపకాయలు తప్ప.

ఆ అడుగులను నేను ఇంకా ఊడవలేదు. ఊడవాలంటే చీపురు పట్టుకుని మిద్దె మెట్లు ఎక్కాలి. వీధిలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు.