దయ్యాలకు జాగా వదిలిన మా పెద్దమ్మ

ఇందుమూలముగా తాండూరు రైలు పట్టాల పక్కనున్న మా గల్లీ పిల్లలకు, పెద్దలకు, కోళ్లకు ఎరుకపరచునది ఏమనగా: పొద్దుగూకాక బండ అరుగు మీద ఎవరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చోరాదు. ప్రతి మనిషి పక్కన జానెడు జాగా విడవాలి. అది ఎవరి దయ్యానికి వారిది. ఆ జాగాలో చెప్పులు పెట్టినవారికి ఆ పూట కథ బంద్.

ఈ హుకుం వేసిన మా కథల పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున వికారాబాద్ దవాఖానలో పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. నురుగు మింగేశాను. తర్వాత చాలాసేపు మా ఇంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడానికి భయపడ్డాను. జీవితమంతా జనాన్ని భయపెట్టి బతికినవాణ్ని, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు, గల్లీ మొత్తానికి పెద్దమ్మ. గొర్లు కాసిన ఇంటి మనిషి. ఎండాకాలంలో కూడా భుజం మీద నల్ల గొంగడి ఉండాల్సిందే.

మేం కుల్కచర్ల నుంచి వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి. నాన్న బండలు పాలిష్ పట్టే పనికి కుదిరాడు. గల్లీలో నన్నెవడూ ఆటకు పిలవలేదు. పిలవకపోతే పోయారు, భయపెడదామనుకున్నాను. గోడ మీద ఆరేసిన ఆమె గొంగడే కప్పుకుని, అరుగు మీద కథ మంచి రంజు మీదున్నప్పుడు "హూ" అంటూ మధ్యలోకి దూకాను. పిల్లలు చెల్లాచెదురయ్యారు. ఆమె మాత్రం కదల్లేదు.

"ఒక్కనివే వచ్చినవా కొడకా? నీ దయ్యం ఏది?"

"నాకు దయ్యం లేదు."

"లేకుంటెట్ల? మీరు ఊరిడిసి వస్తుంటే లారీల సామాన్ల మీద కూసోని రాలే? నువ్వు సూడలే, గంతే. పాపం, కోడిని జూస్తే లాగు తడుపుకుంటది. జర జరుగు, దాన్ని కూసోనీ."

జరిగాను. పక్కన నిజంగానే ఎవరో కూర్చున్నట్టు వీపు జలదరించింది. అప్పటికే పిల్లలు మళ్లీ అరుగెక్కారు. ఆ వణుకులో దొరికిన చెయ్యి పట్టుకున్నాను. తాండూరులో నా మొదటి దోస్తు ఆ చెయ్యిగలవాడే.

"భయమైతే చెయ్యి పట్టుకోండ్రి. ఎవని చెయ్యో తర్వాత సూసుకుందురు" అనేది పెద్దమ్మ.

కొత్తగా ఏ పిల్ల వచ్చినా, ఏ పిల్లగాడు వచ్చినా ఒక దయ్యాన్ని ఇచ్చేది. మాంసం కొట్టు వాళ్ల అబ్బాయి దయ్యం పప్పు తప్ప తినేది కాదు. అందరి మీదా పెత్తనం చేసే పిల్లకు మాత్రం ఎదురు చెప్పే దయ్యం. కథలో మాకంటే దయ్యాలే ఎక్కువ భయపడేవి. వాటికి ధైర్యం చెప్పడానికి మేం ఒకరి పక్కకు ఒకరం చేరేవాళ్లం. నా చదువు పదో తరగతిలో ఆగింది, నోటి దురుసు ఇంకా ఆగలేదు. నా తల నెరిసినా, ఎప్పుడు అరుగెక్కినా "నీదేదిరా?" అని అడిగి నా పక్కన చోటు చూసుకున్నాకే ఆమె కథ మొదలుపెట్టేది.

పోయిన నెల కర్ణాటక వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల చిన్న పిల్లకు తెలుగు సరిగా రాదు. "రేపిస్త బిడ్డా నీ దయ్యాన్ని" అంది పెద్దమ్మ. ఆ రేపటికి ఆమె మంచం పట్టింది. మా గల్లీ పిడుగులు ఊరుకుంటారా? "దయ్యం లేనోళ్లకు అరుగు మీద జాగ లేదు" అని ఆ పిల్లను కింద మెట్టు మీద కూర్చోబెట్టారు. నేను కనిపిస్తే చాలు, "నన్న దెవ్వ ఎల్లి, అంకల్?" అని అడిగేది. నా దయ్యం ఎక్కడ అని. ఏ దయ్యానికీ భయపడనంతగా ఆ ప్రశ్నకు భయపడి పక్క సందులోంచి పోయేవాణ్ని.

సోమవారం వికారాబాద్ పోయాను. పెద్దమ్మ నా చెవి దగ్గరికి తల జరిపి, ఆ పిల్ల దయ్యం సంగతి నాకు అప్పజెప్పింది. "దానికి తెలుగు రాదురా. ఏడ దిగాల్నో అడగనీకి భయం. ఇక్కడికీ తాండూరుకూ నడుమ రైల్లనే తిరుగుతున్నది. జర తోలుకపో."

దవాఖాన నర్సు గొంగడి లోపలికి వద్దంటే పెద్దమ్మ కొడుకు దాన్ని నా చేతిలో పెట్టాడు. సాయంత్రం రైలు కిక్కిరిసి ఉంది. గొంగడి ఒళ్లో పెట్టుకుని, నా పక్కన జానెడు వదిలి కూర్చున్నాను.

"అన్నా, జర జరుగు" అన్నాడు పక్కన నిలబడ్డ ఒకతను.

"మనిషి ఉన్నది."

"ఏడున్నది?"

"వస్తది."

"ఎప్పుడొస్తది, తాండూరు దిగినంకనా?"

నా మొహం చూశాడు, గొంగడి చూశాడు, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. దిగేదాకా పక్కకు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

అంత్యక్రియలైన మర్నాడు, పొద్దుగూకే వేళ, పిల్లలు మామూలుగానే అరుగెక్కారు. చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు. వీళ్లు పకపకా నవ్వితే ఆ పిల్ల ఇక మెట్టు దిగి ఇంటికే పోతుంది, రేపటి నుంచి రాదు. పెద్దమ్మ అరుగు వట్టి బండ అవుతుంది.

రైలు దయ్యం సంగతి చెప్పాను. నిన్నగాక మొన్న నా పక్కన కూర్చునే వచ్చిందన్నాను.

"పెద్దమ్మ చెప్పిందా, నువ్వే గప్పాలు కొడుతున్నవా?" అన్నాడొకడు.

"నా మీద ఒట్టు."

మెట్టు మీది పిల్ల మెల్లగా అడిగింది. "అడగడానికి దానికి ఏం భయం?"

అది నేను ఆలోచించుకోలేదు. "దిగి పొమ్మంటరేమోనని" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఇందాక ఎదురడిగినవాడే పక్కవాణ్ని తోశాడు. "జరుగుండ్రిరా, ఇద్దరొస్తున్నరు."

ఆ పిల్ల అరుగెక్కింది. తను బండ కొసకు ఒదిగి, దయ్యానికి మూరెడు జాగా వదిలింది. హుకుం జానెడే అని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మీకో మాట చెప్పాలి. దవాఖానలో పెద్దమ్మ నాతో ఏమీ చెప్పలేదు. అప్పటికే ఆమెకు మాట పడిపోయింది. రైలు దయ్యం నేను పుట్టించిందే. నన్ను చూసి ఆమె చేసింది ఒక్కటే. ఆయాసపడుతూ గోడ వైపు జరిగి, మంచం మీద కొంచెం జాగా చేసింది. అది నాకా, నా దయ్యానికా అని అడగడానికి భయమేసింది. మంచం కొసన కూర్చున్నాను, మధ్యలో జానెడు వదిలి.