దేవుని గురిగి

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం రెండు చోట్ల ఉండేవి. రేకుడబ్బాలోవి మావి, పొయ్యి పక్కన మట్టి గురిగిలోవి దేవునివి. మందమర్రిలో గని కార్మికుల కాలనీలో రెండు గదుల క్వార్టర్ మాది. రోజూ ఎసట్లో బియ్యం పోయకముందే ఒక పిడికెడు తీసి ఆ చిన్న గురిగిలో వేయాలి. ఆదివారం నాడు వాటిని గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తీసుకుపోయి, ముందర పెట్టిన పెద్ద గంపలో పోయాలి. అందరి ఇళ్ళ బియ్యం అందులో కలిసిపోయేవి. ఆరాధన అయ్యాక వాటిని లేనివాళ్ళకు పంచేవారు. మా చర్చిలో ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది. కానీ మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, పట్టు వేరు. “వండినంక మిగిలింది కాదు బిడ్డా, వండకముందు తీసిందే దేవునిది” అనేది.

బాపమ్మకు చదువు రాదు. కళ్ళకు పొరలొచ్చి చూపు మందగించింది. అయినా మొదటి షిఫ్టు సైరన్ కూయకముందే లేచి, మొహం కడుక్కుని, తలమీద కొంగు కప్పుకుని మోకరించేది. సాయంత్రం నాతో బైబిలు చదివించుకునేది, తొందరలో ఒక్క వాక్యం ఎగ్గొట్టినా పట్టేసేది. ఇక ఆమె ప్రార్థన సంగతి అడగొద్దు. కాలనీలో జ్వరమొచ్చిన ప్రతి పిల్లా, పని దొరకని ప్రతి పిల్లగాడూ, చివరికి పక్కింటివాళ్ళ ఈనబోయే మేక కూడా అందులోకి వచ్చేవి. ఆమె ఆమెన్ అనేసరికి మా పళ్ళేల్లో అన్నం చల్లారిపోయేది. ఇంతమంది కోసం దేవుణ్ణి అడిగే మనిషి, మనుషుల దగ్గర మాత్రం ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగలేదు. కూర చప్పగా తిన్నా తింటుంది గానీ పక్కింటికి ఉప్పు కోసం పోదు.

నాకు పదకొండేళ్ళప్పుడు గనుల్లో సమ్మె మొదలై రెండో నెలలో పడింది. జీతాలు లేవు. బాపు కూలిపని వెతుక్కుంటూ మేనత్త వాళ్ళ ఊరికి పోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, అంతకుముందే కాన్పుకు తల్లిగారింటికి పోయింది. ఇంట్లో బాపమ్మ, నేను, ఐదేళ్ళ తమ్ముడు మిగిలాం. వంట నా చేతికి వచ్చింది. డబ్బాలో బియ్యం అడుగంటుతుంటే రెండు పూటల వంట ఒక పూటకు దిగింది. తమ్ముడు తన పళ్ళెం నాకేసి నా పళ్ళెం వైపు చూసేవాడు. బాపమ్మ తనకు ఆకలి లేదని చెప్పి తన ముద్దలు వాడికి పెట్టేది. ఆమెకు ఆకలి ఉందని నాకు తెలుసు.

ఆ వారం నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ఆయనకు ఆకలి కాదు కదా, మా తమ్ముడికి అవుతోంది అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. పిడికెడు బియ్యాన్ని గురిగిలో గలగలమనేలా పోసేదాన్ని. ఆ చప్పుడు వినగానే బాపమ్మ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది. దాని పొడవు నాకు తెలియనిదా? ఆమె మేక దగ్గరికి వచ్చేలోపల నేను గురిగిలో చేయి పెట్టి, ఆ బియ్యం మళ్ళీ తీసి ఎసట్లో వేసేసేదాన్ని. పిడికెడు బియ్యమంటే ఐదేళ్ళ పిల్లవాడికి నాలుగు ముద్దలు ఎక్కువ. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులూ ఇదే చేశాను.

ఆదివారం పొద్దున బాపమ్మ గురిగి చేతిలోకి తీసుకుంది. ఒకసారి ఊపి చూసింది. గుడ్డసంచి తెమ్మని, ఆ ఖాళీ సంచినే మడిచి నా చేతిలో పెట్టి, “నువ్వే పట్టుకో. పా, పొద్దెక్కుతుంది” అంది.

చర్చి పక్కనే పాస్టరు అయ్యగారి ఇల్లు. నన్ను బయట నిలబెట్టి బాపమ్మ లోపలికి పోయి వచ్చింది. నా దొంగతనం చెప్పడానికే పోయిందనుకున్నాను. ఆ రోజు పాడిన పాటలు, చేసిన ప్రసంగం ఒక్కటీ నా చెవికెక్కలేదు. ఆడవాళ్ళు సంచులతో గంప దగ్గరికి వరస కట్టినప్పుడు నేనూ లేవబోయాను. బాపమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. మా ఇంటి బియ్యం గంపలో పడని ఆదివారం నాకు తెలిసి అదే మొదటిది.

ఆరాధన అయ్యాక అయ్యగారు ఆ వారం బియ్యం అందుకునే ఇళ్ళ పేర్లు చెప్పారు. అందులో మా ఇంటి పేరు ఉంది. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బాపమ్మ నా చేతిలోంచి సంచి తీసుకుని, నా భుజం పట్టుకుని, ముందుకు నడిచింది. అందరి ఎదుట సంచి నోరు రెండు చేతులతో తెరిచి పట్టుకుంది. ఇన్నేళ్ళు గంపలో బియ్యం పోసిన ఆ చేతుల వైపు నేను చూడలేకపోయాను.

“మా పిల్లలకు కడుపు నిండుతలేదు. నాకు అడుగుడు రాకపాయె. ఇయ్యాల నేర్సుకున్న” అంది, వెనక బెంచీ దాకా వినబడేటట్టు.

బయటికి వచ్చాక నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. గురిగిలో బియ్యం తీసింది నేనేనని దారి మధ్యలో నిలబడి చెప్పాను.

“ఎరుకే. పోసిన సప్పుడు ఇనబడ్డదానికి తీసిన సప్పుడు ఇనబడదా? పోయినయి కండ్లు, చెవులు గాదు. మొదటి దినమే ఎరుక. నువ్వు జెప్తవేమో అని సూసిన.”

మరి ఎందుకు కొట్టలేదని అడిగాను.

“తప్పు నీ ఒక్కదానిదా? ఇంట్ల పిల్ల దేవుని గురిగిల చెయ్యి పెట్టేదాక నేను నోరు తెరవకపోతి. గది నా గీర. ఆకలైతే అడగాలె బిడ్డా, దేవుని కాడ దాసిపెట్టుడేంది?”

గీర అంటే గర్వం. తన గర్వాన్ని నా దొంగతనం పక్కన పెట్టి, రెంటినీ ఒకే రకం తప్పుగా చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇంటికి వచ్చి సంచిలో బియ్యం చేటలో పోశాను. సన్నవి, దొడ్డువి, ఎర్రగా పాతబడ్డవి, నూకలు, అన్నీ కలిసి ఉన్నాయి. ఇచ్చినవాళ్ళలో సగం ఇళ్ళలో మాలాగే సమ్మె ఉంది, మాలాగే జీతం లేదు. పొయ్యి మీద ఎసరు కాగుతుంటే, ఇందులోంచి కూడా పిడికెడు తియ్యమంది బాపమ్మ. ఇవి మనకు ఇచ్చినవే కదా అన్నాను. ఇచ్చాక మనవే అయినయి, మనదాంట్లోంచే కదా తీసేది అంది. తీసి గురిగిలో వేశాను. ఈసారి చప్పుడు చేయాలన్న ధ్యాస లేదు. అన్నం ఏమంత బాగా కుదరలేదు. ఒక రకం మెత్తబడితే ఇంకో రకం పలుకుగానే ఉండిపోయింది. తమ్ముడు మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. బాపమ్మ కూడా ఆ రోజు ఆకలి లేదనలేదు.

తర్వాత సమ్మె ముగిసింది. అవ్వ చెల్లెలిని ఎత్తుకుని వచ్చింది. బాపు మళ్ళీ గనిలోకి దిగాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పొద్దున్నే మోకరించడం, సాయంత్రం బైబిలు తెరవడం, వండకముందు పిడికెడు తీయడం ఈనాటికీ తప్పలేదు. నా ప్రార్థన కూడా బాపమ్మ ప్రార్థన లాగే పొడుగని మనవలు వెక్కిరిస్తారు, వెక్కిరించనీ. ఆమె దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు ఎక్కువ అక్కరకొచ్చింది మాత్రం అడగడం. మొన్నీమధ్య మోకాలికి ఆపరేషన్ అయింది. కరీంనగర్‌లో ఉద్యోగం చేసే మా కోడలికి సెలవు దొరకలేదు. ఆపరేషన్‌కు ముందు ఆదివారమే నేను చర్చిలో లేచి నిలబడి, పదిరోజులు నాకు వండి పెట్టాలి, స్నానానికి చేయందించాలి అని అడిగాను. వంతులు వేసుకుని మరీ వచ్చారు.

సంగతి తెలిసి కోడలు ఫోన్లో నొచ్చుకుంది. “గంతమందిల ఎట్ల అడిగినవత్తమ్మా? సిగ్గనిపియ్యలేదా?” అంది.

అనిపించలేదని చెప్పాను. నేను పడాల్సిన సిగ్గంతా ఆ ఆదివారం మా బాపమ్మే పడింది.